ఎండీవర్ ఓడ నమూనా: ముక్కు దగ్గర పలకలు ఒకదానిపై ఒకటి ఎక్కుతున్నాయి

లంకవాసి (అమలాపురం), జూన్ 1

పెద్దలందరికీ నమస్కారం. నిరుడు జూలైలో ఎండీవర్ ఓడ నమూనాను 1:64 కొలతలో మొదలుపెట్టాను. కెప్టెన్ కుక్ ప్రయాణించిన ఈ ఓడను 1764లో ఇంగ్లాండులోని విట్‌బీలో బొగ్గు మోయడానికి కట్టారు కనుక దాని ముక్కు కోసుగా ఉండదు, గంగాళం పొట్టలాగా గుండ్రంగా ఉంటుంది. నా బాధంతా ఆ గుండ్రటి చోటనే ఉంది.

కొన్న నమూనా పెట్టెలో వచ్చిన లైమ్ (నిమ్మ కాదు, లిండెన్ చెట్టు) కలప బద్దలు 5 మిల్లీమీటర్ల వెడల్పు, 1.5 మిల్లీమీటర్ల మందం ఉన్నాయి. నడికట్టు (ఓడ పక్కన పొడవునా సాగే మందపాటి పట్టీ) కింద నుంచి మొదలుపెట్టి అయిదు వరుసలు ఇబ్బంది లేకుండానే వేశాను. ఆరో వరుస నుంచి బద్ద ముందు కొస పైకి పోతూ పై పలక మీదికి ఎక్కుతోంది, కిందికి నొక్కితే దాని కింది అంచు అడ్డుచట్రం (ఓడకు ఆకారాన్నిచ్చే అడ్డపలక) నుంచి లేచి నిలబడుతోంది. పంతం పట్టి, క్షణంలో అంటుకునే జిగురుతోనూ గుండుసూదులతోనూ పదకొండు వరుసల దాకా లాగించాను. ఇప్పుడు ఓడ ముక్కు పెంకుటింటి చూరులా మెట్లు మెట్లుగా కనిపిస్తోంది. దానికి తోడు వానాకాలంలో బిగువుగా ఉన్న మధ్య భాగంలో కూడా ఈ రోహిణీ కార్తెలో సందులు తేలాయి, కొన్నిచోట్ల వేలిగోరు దిగుతోంది.

బద్దలను ఇంకా ఎక్కువసేపు నానబెట్టి వంచితే సరిపోతుందా, లేక వేసినవన్నీ ఊడదీయాలా అన్నది తేల్చి చెప్పగలరు.

గట్టుమీది మాస్టారు (రామచంద్రపురం), జూన్ 1

లంకవాసి గారూ, నానబెట్టడం వల్ల ఈ జబ్బు తగ్గదు. ముప్పయ్యేళ్లు డ్రాయింగు చెప్పినవాడిని కనుక ముందు బొమ్మ కట్టి చూపిస్తాను.

ఇంట్లో ఉన్న కుండను తీసుకుని, దాని మెడ కింద ఒక తాటాకు రేకను మెడకు సమాంతరంగా చుట్టడానికి ప్రయత్నించండి. రేక అంచుల్లో ఒకటి కుండను అంటుకుంటుంది, రెండోది లేచిపోతుంది. రెండు అంచులూ అంటుకోవాలంటే రేక తన ఇష్టం వచ్చిన దారిన ఏటవాలుగా పోవలసిందే. బద్ద కూడా అంతే. అది మందం వైపు వంగుతుంది, మెలి తిరుగుతుంది, కానీ వెడల్పు వైపు వంగడానికి ఒప్పుకోదు. మీ ఆరో బద్ద పై పలక మీదికి ఎక్కడం మొండితనం కాదు, తన సహజమైన దారి అక్కడ ఉందని అది మీకు చూపిస్తోంది. పై పలక మీదికి ఎంత మేరకు ఎక్కిందో అంత మేరకు దాని వెడల్పు అక్కడ ఎక్కువ ఉన్నట్టు లెక్క.

ఇక లెక్క చూద్దాం. అన్నిటికంటే వెడల్పయిన అడ్డుచట్రం మీద నడికట్టు నుంచి అడుగు దూలం దాకా కాగితపు పట్టీని ఆనించి కొలవండి. ఉదాహరణకు 96 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. 5 మిల్లీమీటర్ల బద్దలైతే పందొమ్మిదికి కొంచెం ఎక్కువ పడతాయి కనుక ఇరవై వరుసలు అనుకుని ఒక్కొక్కటి 4.8 మిల్లీమీటర్లకు చెక్కాలి. ఇప్పుడు ముక్కు దూలం (ఓడ ముందు కొసన నిలబడే దూలం) దగ్గర అదే దూరాన్ని కొలిస్తే 44 మాత్రమే వచ్చిందనుకోండి. ఇరవై వరుసలూ అక్కడికి చేరాలంటే ఒక్కొక్కటి 2.2 మిల్లీమీటర్లకు సన్నబడాలి. పలక కొస దాని పూర్తి వెడల్పులో సగానికంటే సన్నబడకూడదన్నది ఓడ పనిలో పాత కట్టుబాటు. అంతకంటే సన్నని కొసలో మేకు దిగితే చీలిపోతుంది, నీరు దూరకుండా సందులో పీచు కూరితే నిలవదు. సగం అంటే 2.4. కనుక ముక్కు దూలం దాకా పద్దెనిమిది వరుసలే పోవాలి, మిగిలిన రెండింటిని ముందే ఆపేసి పక్క పలకలో గాడి కోసి ఆ కొసలను అందులో కూర్చోబెట్టాలి. ఈ లెక్కను మొదటి పలక అంటించకముందే వేయాలి. మీరు పదకొండు వేశాక అడిగారు.

నరసాపురం కొత్తవాడు, జూన్ 2

మాస్టారూ, మధ్యలో అడిగినందుకు ఏమీ అనుకోకండి. నేను ఇంకా మొదటి నమూనా దగ్గరే ఉన్నాను. పది పన్నెండు అడ్డుచట్రాలు ఉంటే ప్రతిదాని చుట్టుకొలతనూ తీసి ఇరవైతో భాగించి గీతలు గీయాలా? 3.37, 4.12 లాంటి అంకెలను స్కేలు మీద ఎలా గుర్తించాలో నాకు అర్థం కావడం లేదు.

గట్టుమీది మాస్టారు (రామచంద్రపురం), జూన్ 2

భాగాహారం అక్కర్లేదు బాబూ. పెద్ద తెల్లకాగితం మీద తాటాకు విసనకర్ర ఈనెల్లాగా ఒకే బిందువు నుంచి విచ్చుకునే గీతలు గీసుకో. ఇరవై వరుసలకు ఇరవై గళ్లు, అంటే ఇరవై ఒక్క గీతలు కావాలి. వెడల్పు కొసన ఒక నిలువు గీత మీద సమాన దూరాల్లో చుక్కలు పెట్టి వాటిని బిందువుతో కలిపితే చాలు. తరువాత అడ్డుచట్రానికి ఆనించి కత్తిరించిన కాగితపు పట్టీని ఆ నిలువు గీతకు సమాంతరంగానే పట్టుకుని ముందుకూ వెనక్కూ జరుపు. పట్టీ రెండు కొసలూ మొదటి గీతకూ చివరి గీతకూ సరిగ్గా తాకిన చోట ఆపి, మధ్య గీతలన్నిటినీ పట్టీ మీద గుర్తు పెట్టుకో. ఆ గుర్తులను తిరిగి అడ్డుచట్రం అంచు మీదికి దించితే ప్రతి వరుస ఎక్కడినుంచి ఎక్కడికి పోవాలో పెన్సిలు చుక్కల్లో కనిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. పట్టీ ఏటవాలుగా తిరిగితే గళ్లు సమానంగా రావు.

తాళ్ళరేవు మనవడు, జూన్ 2

మా తాతగారు తాళ్ళరేవులో చెక్క ఓడల పనిచేసిన వడ్రంగి. మాస్టారి లెక్కతో నాకు పేచీ లేదు కానీ, చర్చ అంతా బద్దను వంచడం గురించీ సన్నం చేయడం గురించీ సాగుతోంది కనుక అసలు ఓడలో ఏం చేస్తారో చెబుతాను.

అసలు ఓడలో ఎవరూ తిన్నని పలకను వెడల్పు వైపు వంచరు. ముక్కు దగ్గరి పలకను తీసి నేలమీద పరిస్తే అరటిపండులా వంపు తిరిగి ఉంటుంది, ఎందుకంటే దాన్ని వెడల్పాటి చెక్కలోంచి ఆ వంపుతోనే కోశారు. మా తాతగారు ఓడకు ఒక పలుచని బద్దను, అది ఎటు పోతే అటు పోనిచ్చి, ఆనించి కట్టేవారు. పైనున్న పలక అంచుకూ ఈ బద్దకూ మధ్య ఎడం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కంపాసు కాళ్లను ఒకే విప్పులో ఉంచి, జానెడు జానెడుకు పలక అంచు నుంచి బద్ద మీదికి ఒక గుర్తు దించేవారు. బద్దను విప్పి కొత్త చెక్క మీద పరిచి, అదే విప్పుతో ఆ గుర్తుల నుంచి తిరిగి కొలిస్తే కోయవలసిన వంపు గీత దొరికేది. కాగితం, భాగాహారం ఆయన ఎరగరు. కంపాసు విప్పు మధ్యలో కదిలితే మాత్రం ఆ రోజు పక్కనున్నవాడికి తిట్లు తప్పేవి కావు.

నమూనాలో ఇది ఇంకా తేలిక. పై పలకకు ఆనుకునేలా పారదర్శకమైన అతుకు టేపును ముక్కు మీద అంటించి, పలక అంచును సన్నని పెన్నుతో దాని మీద గీసి, టేపును ఒలిచి 1.5 మిల్లీమీటర్ల పలుచని చెక్క రేకు మీద అంటించి కోసుకోవచ్చు. టేపు సాగకుండా ఒలవడం ఒక్కటే పనితనం.

మన తీరంలో ఓడల పని చాలా పాతది. కోరంగి రేవును 1789 డిసెంబరులోనూ 1839 నవంబరులోనూ ఉప్పెనలు ముంచెత్తాయి, అయినా ఆ పక్కనే తాళ్ళరేవులో ఓడల పని మిగిలింది. మన తీరంలో అలలు దాటడానికి వాడిన మసూలా బోటులో అయితే పక్కటెముకలే (చట్రాలే) ఉండవు. అలల దెబ్బకు విరగకుండా సాగేలా పలకలను కొబ్బరితాడుతో ఒకదానికొకటి కుట్టేవారు. అక్కడ ఆకారాన్ని పట్టి ఉంచేది పలకల వంపే కనుక తిన్నని బద్దను బలవంతంగా కూర్చోబెట్టే ఆలోచనకే చోటు లేదు.

చుక్కాని (కాకినాడ), జూన్ 3

తాళ్ళరేవు మనవడి గారి మాట అసలు ఓడకు నూటికి నూరుపాళ్లూ సరే. కానీ లంకవాసి గారు కడుతున్నది రెండు పొరల నమూనా. కింది పొర మీద మళ్లీ అర మిల్లీమీటరు మందం వాల్‌నట్ బద్దలు వస్తాయి. కనబడని కింది పొరకు ఒక్కొక్క పలకనూ కంపాసుతో కొలిచి కోస్తే ఓడ పూర్తయ్యేసరికి ఆయన మనవళ్లు పెళ్లీడుకు వస్తారు. పైగా వంపుగా కోయడానికి వెడల్పాటి చెక్క రేకు కావాలి, అందులో సగానికి పైగా తుక్కుగా పోతుంది.

నేను చేసే పద్ధతి వేరు. బద్దను ముందు లెక్క ప్రకారం సన్నం చేసి, బల్ల మీద పడుకోబెట్టి, రెండు చోట్ల బిగించి మూడో చోట వెడల్పు వైపే మెల్లగా లాగి బిగిస్తాను. తరువాత జుట్టు ఆరబెట్టే వేడిగాలి యంత్రాన్ని రెండు మూడు నిమిషాలు పట్టి, పూర్తిగా చల్లారాక విప్పుతాను. విప్పగానే కొంత వెనక్కి పోతుంది కనుక కావలసిన దానికంటే కొంచెం ఎక్కువే వంచాలి. వేడికి కలపలోని లిగ్నిన్ (నారలను పట్టి ఉంచే పదార్థం) మెత్తబడి, చల్లారేటప్పుడు కొత్త వంపులోనే గట్టిపడుతుంది. అది మెత్తబడటానికి నీరు సాయపడుతుందే తప్ప వేడి లేకుండా నీరొక్కటే వంచదు. అమ్మోనియాలో నానబెట్టమని కొందరు చెబుతారు. బద్ద రంగు చెడి నారలు లేవడం తప్ప నేను లాభం చూడలేదు.

తాళ్ళరేవు మనవడు, జూన్ 3

చుక్కాని గారూ, మీరు చెప్పినట్టు 5 మిల్లీమీటర్ల బద్ద స్వల్పమైన వంపుకు లొంగుతుందని ఒప్పుకుంటాను. ఎండీవర్ లాంటి బండ ముక్కు దగ్గర ఆ వంపు స్వల్పం కాదు. అంత వంచితే లోపలి అంచు మడతలు పడి ఉబ్బుతుంది. మీ దారి పడవలాంటి సన్నని ముక్కులకు చెల్లుతుంది. ఇరవై వరుసల్లో బాగా వంపు తిరిగే అయిదారింటినైనా కోసుకోవడం మేలు. తుక్కు గురించి అంటారా, తుక్కుకు భయపడినవాడు వడ్రంగం చేయలేడు.

చుక్కాని (కాకినాడ), జూన్ 3

అయిదారింటికైతే నాకూ అభ్యంతరం లేదు.

యానాం గాలి, జూన్ 4

లంకవాసి గారి రెండో బాధ గురించి ఎవరూ మాట్లాడలేదు. రోహిణిలో తేలిన సందులకు ముక్కు వంపుతో సంబంధం లేదు. కలప పొడవు వైపు దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం తడికి ఉబ్బి ఆరితే కుంచించుకుపోతుంది. జూలై ఆగస్టుల్లో ఏటిగట్టు పక్కన మన ఇళ్లలో ఉప్పు డబ్బాలో ఉప్పే నీరు కారుతుంది. అప్పుడు నానబెట్టిన బద్దను తడి ఆరకుండా అంటించి ఉంటారు. ఒక్కో బద్ద ఆరి పదో వంతు మిల్లీమీటరు తగ్గినా పదకొండు వరుసల మీద మిల్లీమీటరు దాటుతుంది, ఆ లోటు జిగురు బలహీనంగా ఉన్న సందుల్లో బయటపడుతుంది. బద్దను వంచాక ఓడ మీదనే కట్టి ఒక రాత్రంతా ఆరనిచ్చి, మరునాడు పొడిగా అంటించాలి. కట్టబోయే గదిలోనే బద్దలను నెల ముందు నుంచి ఉంచడం ఇంకా మంచిది.

జిగురు సంగతికి వస్తే, క్షణంలో అంటుకునే రకాన్ని నేను బద్ద కొసను పట్టి ఉంచడానికి ఒక చుక్క మాత్రమే వాడతాను. అది గట్టిపడితే గాజులా పెళుసవుతుంది, పైగా తప్పు దిద్దుకునే సమయం ఇవ్వదు. చట్రాలకూ పలకల అంచులకూ ఫెవికాల్ లాంటి తెల్ల జిగురే సరయినది. పలకల అంచులకు కూడా జిగురు రాయాలి. చాలామంది చట్రాలకే రాసి ఊరుకుంటారు.

మరొక మాట. ముక్కు దగ్గర మొదటి రెండు అడ్డుచట్రాల మధ్య ఖాళీలో చెక్క దిమ్మలు నింపారా? పెట్టెలో ఇవ్వకపోయినా నింపుకోవాలి. నేను కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికిని వాడాను. చాకుతో వెన్నలా తెగుతుంది, తేలిక, ఇసుక కాగితానికి ఇట్టే లొంగుతుంది. దిమ్మ ఉంటే పలకకు గాలిలో వేలాడకుండా ఆనుకునే చోటు దొరుకుతుంది. పై పొరకు ఏటికొప్పాక వారి అంకుడు కర్రను రేకులుగా కోయించి చూశాను. నారలు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి కనుక చిన్న కొలతలో వాల్‌నట్ కంటే అందంగా వచ్చింది. టేకుతో మాత్రం జాగ్రత్త, దానిలోని నూనె వల్ల జిగురు సరిగా పట్టదు. అంటించే ముందు స్పిరిటుతో తుడవాలి.

లంకవాసి (అమలాపురం), జూన్ 14

అందరికీ కృతజ్ఞతలు. పదకొండు వరుసలనూ ఊడదీశాను. తెల్ల జిగురు వేసిన చోట వేడినీళ్లలో ముంచిన గుడ్డను పావుగంట ఉంచితే పలక వచ్చేసింది. క్షణంలో అంటుకునే జిగురు వేసిన చోట గోళ్ల రంగు తుడిచే ద్రవాన్ని దూదితో అద్దాల్సి వచ్చింది. కొన్ని పలకలు చట్రం అంచును ఊడబెరుక్కుని మరీ వచ్చాయి. మా ఆవిడ ఆ సీసా గురించి అడిగిన ప్రశ్నలకు ఇంకా జవాబు చెబుతున్నాను.

పలకలు పోయాక అసలు తప్పు కనిపించింది. మూడో అడ్డుచట్రం మిగతావాటికంటే దాదాపు ఒక మిల్లీమీటరు బయటికి పొడుచుకు వచ్చి ఉంది, మొదటి రెండింటి అంచులను నేను ముక్కు వైపు ఏటవాలుగా అరగదీయనే లేదు. అంటే బద్ద చట్రం అంచు పూర్తి వెడల్పు మీద కాక మూల మీద మాత్రమే ఆనుకుంది. ఇప్పుడు అరచేతిలో సగం పొడవున్న ఇసుక కాగితపు దిమ్మను కాక, మూడు చట్రాలను ఒకేసారి తాకేంత పొడవైన దిమ్మతో అరగదీస్తున్నాను. ఒక బద్దను ఆనించి వెనుక నుంచి దీపం పెట్టి చూస్తే ఎక్కడ వెలుతురు దూరుతోందో తెలుస్తోంది.

మాస్టారి విసనకర్ర గీతలతో కొలిస్తే నా ఓడకు నిజంగానే ఇరవై వరుసలు వచ్చాయి. ముక్కు దగ్గర మాత్రం 47 మిల్లీమీటర్లు ఉంది.

గట్టుమీది మాస్టారు (రామచంద్రపురం), జూన్ 14

47 అయితే పందొమ్మిది వరుసలు ముక్కు దాకా పోవచ్చు, ఒక్కదాన్ని ఆపితే చాలు. ఆ ఒక్కదాన్ని కుడివైపూ ఎడమవైపూ ఒకే వరుసలో, ఒకే చోట ఆపండి. ఇంకొకటి, ఒక వైపు పూర్తిచేసి రెండో వైపుకు పోకండి. కుడివైపు రెండు, ఎడమవైపు రెండు చొప్పున వేయకపోతే ఒకవైపు లాగుడుకు అడుగు దూలం మెలి తిరుగుతుంది, ఆ తరువాత దాన్ని ఎవరూ తిన్నగా చేయలేరు.

నరసాపురం కొత్తవాడు, జూన్ 20

ఓడ వెనుక భాగంలో నాకు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతోంది. అక్కడ పలకల మధ్య ఖాళీ త్రికోణాలు మిగిలిపోతున్నాయి. పలకను కిందికి లాగి మూసేయవచ్చా?

తాళ్ళరేవు మనవడు, జూన్ 20

లాగకు తమ్ముడూ. ముక్కు దగ్గర చోటు తగ్గినట్టే వెనుక చుక్కాని పక్కన చోటు పెరుగుతుంది. అక్కడ ఒక అదనపు పలకను రెండు వరుసల మధ్య దూర్చాలి. ఇంగ్లీషు వాళ్లు దాన్ని స్టీలర్ అంటారు. దాన్ని కూడా సూదిమొనగా చెక్కవద్దు, కొసను మొండిగా ఉంచి కింది పలకలో గాడి కోసి కూర్చోబెట్టు. అడుగు దూలాన్ని ఆనుకుని పోయే మొదటి వరుసను ముక్కు వైపు మరీ పైకి పాకనిస్తే నీ త్రికోణాలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి, ఒకసారి చూసుకో.

చుక్కాని (కాకినాడ), జూలై 9

లంకవాసి గారు పై పొరకు వచ్చే సమయం అయి ఉంటుంది కనుక ఇది ముందే చెబుతున్నాను. పై పొర బద్దను ముక్కు నుంచి చివరి దాకా ఒకే ముక్కగా వేయవద్దు. అసలు ఓడల్లో పలక సుమారు 24 అడుగులకు మించి దొరకడం కష్టం. 1:64లో అది 114 మిల్లీమీటర్లు. రెండు పలకల అతుకు ఎప్పుడూ చట్రం మీదనే పడాలి. పక్కపక్క వరుసల్లో అతుకులు దగ్గరగా రాకూడదు, ఒకే చట్రం మీద అతుకు మళ్లీ రావాలంటే మధ్యలో కనీసం మూడు వరుసలు గడవాలి. ముందు కాగితం మీద గళ్లు గీసి అతుకులను పంచుకోండి.

పలకల మధ్య పీచు, తారు కనిపించడానికి ఒక అంచుకు మెత్తని పెన్సిలు రుద్దితే చాలు. రెండు అంచులకూ రుద్దితే గీత లావై కార్టూనులా ఉంటుంది. చెక్క మేకులు పెడతానంటే 0.6 మిల్లీమీటర్లకు మించవద్దు, అసలు ఓడలో అది అంగుళంన్నర అవుతుంది. కొబ్బరి ఈనెలతో ప్రయత్నించాను, మధ్యలో తెగిపోయాయి. వెదురు నిలువునా తిన్నగా చీలుతుంది కనుక చీల్చిన పుల్లను ఉక్కురేకులో వరుసగా చిన్నవవుతున్న రంధ్రాల గుండా లాగితే సరయిన మందానికి వస్తుంది.

యానాం గాలి, జూలై 9

ఒక చిన్న సవరణ. ఎండీవర్ నీటిలో మునిగే భాగానికి, చెక్కను తొలిచే సముద్రపు పురుగు నుంచి కాపాడటానికి, అసలు పలకల మీద మరో చెక్క పొర కొట్టారు. రాగి రేకు కాదు. దాని మీద తెల్లటి పూత ఉండేది. కనుక నీటి గీత కింద అంతా పూత పూయదలిస్తే అక్కడ అతుకుల లెక్క, చెక్క మేకులు ఎవరికీ కనబడవు. శ్రమను నీటి గీత పైన పెట్టండి. కింద చిన్న సందులు ఉంటే చెక్క పొడిని జిగురుతో కలిపి నింపడం తప్పేమీ కాదు.

లంకవాసి (అమలాపురం), ఆగస్టు 17

కింది పొర రెండు వైపులా నిన్న రాత్రి పూర్తయింది. ఏడు వరుసలను టేపుతో గీసి కోశాను, మిగతావాటిని వేడిగాలితో వంచాను. కోసినవాటిలో నాలుగు తుక్కులోకి పోయాయి. ఆపవలసిన వరుసను రెండు వైపులా రెండో అడ్డుచట్రం దగ్గరే ఆపాను. మెట్లు లేవు, చెయ్యి ఆడిస్తే ఎక్కడా తగలడం లేదు.

చివరి పలక దగ్గర ఒక సంగతి గమనించాను. ఎడమవైపు మిగిలిన ఖాళీ మధ్యలో 4.8 ఉండవలసింది 4.3 ఉంది, కుడివైపు 4.9 ఉంది. ప్రతి పలకనూ కొంచెం కొంచెం తప్పు కొలిచి ఉంటాను. రెంటికీ వేరువేరుగా కాగితం అచ్చు తీసుకుని పలకలు కోశాను. ఎడమవైపుది వేలితో నొక్కితే దిగింది. కుడివైపుది మూడుసార్లు అరగదీశాక కానీ దిగలేదు. ఇప్పుడు బయట వాన పడుతోంది కనుక పై పొర జోలికి పోకుండా వాల్‌నట్ బద్దలను ఇదే గదిలో అటక మీద పరిచి ఉంచాను. సంక్రాంతి వెళ్లాక మొదలుపెడతాను.

తాళ్ళరేవు మనవడు, ఆగస్టు 17

నాలుగేనా తుక్కు? అటక మీద మీ వంటింటి పొగ తగలకుండా చూసుకోండి, వాల్‌నట్ రంగు మారిపోతుంది.